సాఫ్ట్‌వేర్ ఉచితమే, మరి ఆ 1,80,000 ఎక్కడున్నాయి?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. సెంటర్లో డీటీపీ, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నాను. వయసు 41. షాపులో ఐదు సిస్టంలు ఉన్నాయి. విండోస్ ఒరిజినలే గానీ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (వర్డ్, ఎక్సెల్) మాత్రం అన్నింట్లో క్రాక్ వెర్షన్, అంటే డబ్బు కట్టని దొంగ కాపీ. ఈ మధ్య వైరస్ వచ్చి రెండేళ్ల ఫైళ్లు పోయాయి. డీలరును అడిగితే ఐదింటికి ఆఫీస్ లైసెన్సులు 1,25,000, విండోస్ 11 ఎక్కని రెండు పాత సిస్టంల బదులు సెకండ్ హ్యాండ్‌వి 55,000, మొత్తం 1,80,000 కొటేషన్ ఇచ్చారు. 5,000 అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. డైలీ ఫైనాన్స్‌లో లక్ష తీసుకుని (చేతికి 90,000 ఇస్తారు, రోజుకు 1,000 చొప్పున 100 రోజులు కట్టాలి), మిగతా 90,000 క్రెడిట్ కార్డు ఈఎంఐ మీద పెడదామనుకున్నాను. ఇంతలో మా తమ్ముడు ఆఫీస్ బదులు లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే రూపాయి ఖర్చు లేదంటున్నాడు. అలా చేస్తే మిగిలే 1,80,000 మా బావమరిది రొయ్యల చెరువులో వాటాగా పెట్టమంటారా, మ్యూచువల్ ఫండ్‌లో వేయమంటారా? ఫైనాన్స్ వాళ్లు ఎలాగూ ఇస్తామన్నారు. షాపు ఖర్చులు పోను నెలకు 34,000 మిగులుతుంది. ఇంటి ఖర్చు 27,000. బ్యాంకులో 22,000 ఉంది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. పొదుపూ బీమా కలిసిన ఎండోమెంట్ పాలసీలు రెండున్నాయి, కవర్ 4 లక్షలు. హెల్త్ పాలసీ లేదు. 2025 అక్టోబరులో మొంథా తుపానుకి ఐదు రోజులు కరెంటు లేక షాపు మూసేస్తే 10,000 చేబదులు తీసుకోవాల్సి వచ్చింది.

జవాబు: మీ తమ్ముడు చెప్పింది సరైన మాట. సాఫ్ట్‌వేర్ మార్చుకోండి. అది ఎలాగో కింద రాస్తాను. అయితే మీ ఉత్తరాన్ని ఇక్కడ తీసుకున్నది అందుకోసం కాదు. చివర్లో మీరు అడిగిన ప్రశ్న నాకు వారం వారం ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది.

"మిగిలే 1,80,000" అని రాశారు. ఎక్కడ మిగిలాయండీ? మీ బ్యాంకులో ఉన్నది 22,000. ఆ 1,80,000 మీ దగ్గర ఏనాడూ లేదు. చేయబోయిన అప్పు తప్పింది, అంతే. తప్పిన అప్పును చేతికొచ్చిన సొమ్ములా లెక్కేసుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నారు. బైక్ కొనడం మానేశాం కాబట్టి ఆ లక్షతో బంగారం కొందామనే వాళ్లూ, పెళ్లి సింపుల్‌గా చేశాం కాబట్టి మిగిలిన దాంతో స్థలం కొందామనే వాళ్లూ చేసే పొరపాటు ఇదే. వాళ్లలో చాలామందికి చివరికి అప్పు అలాగే ఉంటుంది, కొన్నది మాత్రం మారుతుంది.

ఇక ఆ ఫైనాన్స్ సంగతి. లక్షకి పది వేలే కదా, పది శాతమే కదా అనుకుంటున్నట్టున్నారు. మొదటి రోజు నుంచే అసలు వెనక్కి ఇస్తుంటారు కాబట్టి, వంద రోజుల్లో సగటున మీ చేతిలో ఉండేది 45,000 దరిదాపులు. దాని మీద మూడు నెలల చిల్లరకు 10,000 కడుతున్నారు. ఏడాది లెక్కన చూస్తే 75 శాతం దాటుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ తీసుకునేవాణ్ణి ఊళ్లో అందరం తిట్టుకుంటాం, అదైనా ఏడాదికి 36 శాతమే. పైగా రోజుకు 1,000 అంటే నెలకు 30,000. మీకు మిగిలేది 34,000, అందులో ఇంటికి 27,000 కావాలి. ప్రతి నెలా 23,000 తక్కువ పడుతుంది, క్రెడిట్ కార్డు ఈఎంఐ ఇంకా లెక్కలోకే రాలేదు. ఆ లోటు పూడ్చడానికి ఇంకో ఫైనాన్స్ దగ్గరికి వెళ్తారు. ఇలాంటి అప్పుకి ఎవరైనా "ఎలాగూ ఇస్తామన్నారు" అంటే నాకు చిరాకేస్తుంది. వాళ్లు ఇవ్వక ఏం చేస్తారు? అది వాళ్ల వ్యాపారం.

ఆ డబ్బు తీసుకెళ్లి రొయ్యల చెరువులో పోస్తానంటున్నారు. మీ బావమరిది మీద నాకేమీ అనుమానం లేదు. కానీ పంట చేతికి రావడానికి నెలలు పడుతుంది, మీ వాయిదా మాత్రం మర్నాడే మొదలు. మధ్యలో వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం కనబడితే పిల్ల సైజులోనే పట్టేసి అమ్ముకోవాలి. రోగం రాకపోయినా రేటు మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు చెరువుగట్ల మీద ఎంత టెన్షన్ పడ్డారో మీకు నేను చెప్పాలా? సొంత డబ్బు, అదీ పోయినా పర్వాలేదనుకున్న డబ్బు పెట్టేవాళ్ల ఆట అది. రోజువారీ వాయిదా డబ్బుతో ఆడేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ శీర్షిక చదివేవాళ్లకు నేనేం చెప్పబోతున్నానో తెలిసే ఉంటుంది. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాటను మీరు చివర్లో పడేశారు. ఐదు రోజులు కరెంటు పోతే 10,000 చేబదులు! ఐదు రోజులంటే ఐదే రోజులు. మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, మీకు అది గోదావరికి అవతలి ఒడ్డే. మీరుండేది 1996 నవంబరు తుపానును చూసిన కోనసీమలో, ఏటా జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర ఎన్నో ప్రమాద హెచ్చరిక ఇచ్చారా అని టీవీ చూసే ప్రాంతంలో. మీదేమో కరెంటు, నెట్ లేకపోతే పది రూపాయలు కూడా రాని వ్యాపారం. ఇలాంటి షాపుకి అత్యవసర నిధి లేకుండా ఇన్నాళ్లు నెట్టుకొచ్చారంటే అది అదృష్టం.

మీకు ఎంత కావాలో చూద్దాం. ఇంటి ఖర్చు ఆరు నెలలకు 1,62,000. షాపు అద్దె, హెల్పర్ జీతం, నెట్ బిల్లు మీరు రాయలేదు. మీ స్థాయి షాపుకి నెలకు 18,500 అనుకుంటే మూడు నెలలకు 55,500. మొత్తం 2,17,500. ఇప్పుడున్న 22,000 ఇల్లు, షాపు కలిపి పదిహేను రోజులకు కూడా చాలదు. నెలకు మీకు నిజంగా మిగిలేది 7,000. అదంతా వేసినా లక్ష్యం చేరడానికి 28 నెలలు పడుతుంది. అడ్మిషన్ల సీజన్‌లో పైన వచ్చేది కూడా అక్కడికే పంపితే ఇంకొంచెం ముందే అవుతుంది. ఈ నిధి కోసం షాపు లావాదేవీలు లేని వేరే బ్యాంకులో ఖాతా తెరవండి, ఆటో స్వీప్ (ఎక్కువున్న డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లే ఏర్పాటు) పెట్టించుకోండి, ఆ ఖాతాకి ఫోన్‌పే కలపకండి. నిధి కనీసం లక్ష దాటేదాకా మ్యూచువల్ ఫండ్ ప్రశ్న అడగొద్దు. అప్పుడు అడిగితే సంతోషంగా చెబుతాను.

సాఫ్ట్‌వేర్ మార్పుని కూడా నేను ఈ నిధి వైపు నుంచే చూస్తున్నాను. ఉచితమే అయినా మొదటి రెండు మూడు వారాలు పని నెమ్మదిస్తుంది, కొన్ని బేరాలు పక్క షాపుకి పోతాయి. చేతిలో కొంచెం డబ్బుంటేనే ఆ వారాలు నిబ్బరంగా గడుస్తాయి. లేకపోతే రెండో రోజుకే విసుగొచ్చి మళ్లీ క్రాక్ వేసేస్తారు. అందుకే ఐదింటికీ ఒకేసారి వేయకండి. పని పల్చగా ఉన్న నెలలో ఒక సిస్టంతో మొదలుపెట్టి, మీ హెల్పర్‌ని దాని ముందు కూర్చోబెట్టండి. అడ్మిషన్ల రద్దీ ఉండే జూన్‌లో మాత్రం ముట్టుకోవద్దు.

ఉచితం అంటే నాసిరకం అనే భయం అక్కర్లేదు. కేరళ ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల తరబడి ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే నేర్చుకుంటున్నారు. జర్మనీలో ష్లెస్విగ్ హోల్‌స్టైన్ రాష్ట్రం 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను లిబ్రేఆఫీస్‌కి మారుస్తామని 2024లో ప్రకటించింది. లిబ్రేఆఫీస్‌ని 2010 నుంచి ఒక లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడిపిస్తోంది. అధికారిక సైటు నుంచే దించుకోండి. సాఫ్ట్‌వేర్‌కే డబ్బడిగే సైటు కనబడితే బయటికొచ్చేయండి.

వేసుకున్నాక ముందు చేయాల్సిన పని ఒకటుంది. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్/సేవ్, జనరల్ దగ్గర ఎప్పుడూ వర్డ్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా పెట్టండి, ఎక్సెల్‌కీ అలాగే. లేకపోతే కస్టమరుకి వాట్సాప్‌లో పంపిన ఫైలు వాళ్ల ఫోన్లో తెరుచుకోక మిమ్మల్ని తిడతారు. తెలుగు కోసం లాంగ్వేజెస్ దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌లో తెలుగు ఎంచుకోండి. రైటర్‌లో (ఇందులో వర్డ్ లాంటిది) తెలుగు డిఫాల్ట్ ఫాంటును ఇంగ్లిష్ ఫాంటుతో సంబంధం లేకుండా విడిగా పెట్టాలి, చాలామంది అక్కడే ఆగిపోతారు. మండలి, రామభద్ర, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు (ఏ సిస్టంలోనైనా, ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడేవి) ఉచితంగానే దొరుకుతాయి. కస్టమర్లు తెచ్చే వర్డ్ ఫైళ్లలో టేబుళ్లు, లైన్లు అక్కడక్కడా జరుగుతాయి. రెజ్యూమేలూ, అఫిడవిట్లూ ప్రింటుకి పీడీఎఫ్‌లో తెమ్మని గోడ మీద ఒక కాగితం అంటించండి, సగం గొడవ వదిలిపోతుంది.

కుదరనివి కూడా చెప్పాలి. అను అనే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన శుభలేఖల మ్యాటర్ యూనికోడ్ కాదు కాబట్టి ఉన్నదున్నట్టు ఇందులోకి రాదు, కన్వర్టర్‌తో మార్చి మళ్లీ ప్రూఫ్ చూసుకోవాలి. (అవి కొట్టే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఎక్కడిదో మీరు రాయలేదు, నేనూ అడగను. అదీ క్రాకే అయితే ఇదే లెక్క.) మాక్రోలతో (ఫైల్లోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములతో) నడిచే ఎక్సెల్ ఫైళ్లు, అంటే ఆదాయపు పన్ను ఎక్సెల్ యుటిలిటీ లాంటివి, లిబ్రేఆఫీస్‌లో ఎక్సెల్ లాంటిదైన కాల్క్‌లో మొరాయిస్తాయి. మీ షాపులో రిటర్నుల పని ఉంటే ఒకే ఒక్క సిస్టంకి ఆఫీస్ లైసెన్సు కొనండి. డీలరు లెక్కన 25,000 అవుతుంది, ఐదింటికి 1,25,000 కాదు. రిటర్నుల పని లేకపోతే అదీ వద్దు.

ఆ రెండు పాత సిస్టంలను కూడా పారేయక్కర్లేదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయిన మాట నిజమే, డీలరు అందులో అబద్ధం చెప్పలేదు. కానీ వాటి మీద విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేస్తే టైపింగుకీ, ఫారాలు నింపడానికీ హాయిగా పనికొస్తాయి. వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం, మొండికేసే ప్రింటరు విండోస్ ఉన్న సిస్టంల దగ్గరే ఉంచండి. ఒక్క ఖర్చు మాత్రం వెంటనే చేయమంటాను. బ్యాకప్ కోసం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, సాయంత్రం కాపీ తీయగానే వైరు పీకేయండి. రెండేళ్ల ఫైళ్లు పోయాక కూడా మీ కొటేషన్‌లో ఆ వస్తువు లేకపోవడం నాకు వింతగా ఉంది.

క్రాక్ గురించి ఎక్కువ మాట్లాడను. దొంగ కాపీ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 1957లోని 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మీరు వాడేది వ్యాపారంలో. ఈ ఒక్క కారణం చాలు, మిగతా నాలుగు సిస్టంలలో కూడా సీజన్ లోపే దాన్ని తీసేయడానికి.

ఇన్సూరెన్స్: నలుగురు మీ సంపాదన మీద బతుకుతుంటే 4 లక్షల కవర్ ఏ మూలకి? 50 లక్షలకు తక్కువ కాకుండా టర్మ్ పాలసీ (పొదుపు లేని, ఉత్త జీవిత బీమా), మీకూ భార్యకూ పిల్లలకూ కలిపి ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ ఒకే హెల్త్ పాలసీ) తీసుకోండి. అమ్మగారికి విడిగా అడగండి, కలిపితే అందరి ప్రీమియం పెరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు కాబట్టి వాయిదా వేయడానికి సాకు కూడా లేదు. ఈలోగా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా, 20 రూపాయల సురక్షా ప్రమాద బీమా ఈ వారమే మొదలుపెట్టండి. షాపులో సామానుకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ ఉంది, తుపాను, వరద రెండూ అందులో వస్తాయి. తుపాను హెచ్చరిక వచ్చాక పరిగెడితే ఎవరూ ఇవ్వరు.

ఎండోమెంట్ పాలసీలు ఎన్నేళ్లు కట్టారో రాస్తే వాటి సంగతి చెబుతాను. చీటీ వేయాలనిపిస్తే రిజిస్టర్ అయిన కంపెనీలోనే, అదీ నిధి పూర్తయ్యాక. నిజంగా షాపుకి అప్పు కావాల్సి వస్తే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర లోన్ అడగండి. పది రోజులు ఎక్కువ తిరగాల్సి వస్తుంది, తిరగండి.

డీలరుకి ఇచ్చిన 5,000 గురించి మీరు అడగలేదు గానీ, అది పోతుందనే బెంగతోనే మొత్తం 1,80,000 సరుకూ తీసుకునేవాళ్లున్నారు. లైసెన్సు ఒకటి కావాలంటే ఆ అడ్వాన్సును అందులో సర్దమనండి. వద్దనుకుంటే వెనక్కి అడగండి, ఇవ్వకపోతే ఆ 5,000 వదిలేసుకోండి. ఫైనాన్స్ వాళ్లకి మాత్రం ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి.