వేపచెట్ల కింద వాలు నేల: ఏ మొక్కలు నిలుస్తాయి?

ప్రశ్న: మాది బంజారాహిల్స్. ఇంటి వెనక ముప్పై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున వాలు నేల ఉంది. గట్టు మీద రెండు పెద్ద వేపచెట్లు. లాన్ గడ్డి వేయిస్తే ఏడాది తిరక్కుండానే పోయింది. వాన పడితే ఎర్రమట్టంతా గచ్చు మీదికి దిగుతోంది. నీడలో పెరిగే పొదలూ, ఏళ్ల తరబడి ఉండే చిన్న మొక్కలూ చెప్పగలరా?
– ఒక పాఠకురాలు

జవాబు: గడ్డి పోయిందంటే మీ పెంపకంలో లోపం కాదండీ. రోజూ నాలుగైదు గంటలైనా ఎండ తగలనిదే లాన్ నిలవదు. మళ్లీ దాని మీద డబ్బు పెట్టకండి. మీ చోట మొక్కలకు నీడ కంటే పెద్ద కష్టం వేపవేళ్లు. మన కొండల మీద రాతిపైన మట్టి పలచన. వేళ్లు పైపైనే పరుచుకుని ఉన్న తేమంతా లాగేస్తాయి. అందుకే నర్సరీకి వెళ్లేముందు మట్టి నిలిపే పని చూడండి.

వాలుకు అడ్డంగా, మూడేసి అడుగుల ఎడంలో రాళ్ల వరసలు వేయించండి. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో మట్టం చూసుకుని గీత గీస్తే వరస వంకర పోదు. వంకర పోతే పల్లం ఉన్న చోటికే నీరంతా చేరి కట్ట తెగుతుంది. రాయి సగం భూమిలో ఉండాలి, పైకి ఆరు అంగుళాలు కనిపిస్తే చాలు, కాస్త గట్టు వైపుకు ఒరిగి ఉండాలి. సిమెంటు వద్దు, సందుల్లోంచి నీరు జారిపోవాలి. రెండడుగులకు ఒక అడుగు కంటే ఎక్కువ దిగే వాలైతే మాత్రం ఈ వరసలు ఆగవు, గోడ కట్టించాల్సిందే. వేప మొదలు చుట్టూ మూడడుగుల లోపల కొత్త మట్టి పోయకండి, బెరడు కుళ్లుతుంది. గుంత తవ్వేటప్పుడు బొటనవేలి కంటే లావు వేరు తగిలితే నరక్కుండా గుంతనే పక్కకు జరపండి.

ఇక మొక్కలు. ఒకే వాలులో పైన నేల త్వరగా ఆరుతుంది, అడుగున తడి నిలుస్తుంది. ఒకే రకం అంతటా వేస్తే ఎక్కడో ఒకచోట చస్తుంది. గట్టుకు దగ్గరగా పొడి నేలకు ఓర్చే స్నేక్ ప్లాంట్, రియో, ఆస్పరాగస్ పెట్టండి. కొమ్మల అంచున వెలుతురు పడే చోట కనకాంబరం కూడా పూస్తుంది. మధ్యలో పొదలకు అడ్డసరం మా మొదటి ఎంపిక. మన నేలకు అలవాటైన మొక్క, కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది, వేరు మట్టిని పట్టుకుంటుంది, మేకలు ముట్టవు. దానికి తోడు నందివర్ధనం, షెఫ్లెరా వేయవచ్చు. చిక్కటి నీడలో నందివర్ధనానికి పూలు తగ్గుతాయి, ఆకు పచ్చగానే ఉంటుంది. పొదకూ పొదకూ మూడడుగులు వదిలి, పై వరస మొక్కల సందులకు ఎదురుగా కింది వరస రావాలి. అప్పుడే జారే నీటికి నేరు దారి ఉండదు. పొదల మధ్య స్పైడర్ ప్లాంట్, మాండో గడ్డి తొమ్మిది అంగుళాల ఎడంలో నాటండి. అడుగున తడికి ఫెర్న్, పీస్ లిల్లీ.

కొన్ని మాత్రం వద్దు. నేల మీద పాకే వెడేలియా నర్సరీలో చవగ్గా దొరుకుతుంది, కానీ పక్క మొక్కల్ని కప్పేస్తుంది. క్రోటన్లకు నీడలో రంగు రాదు. పసుపు, అల్లం నీడలో పెరిగేవే, కానీ దుంప తవ్విన ప్రతిసారీ మట్టి కదులుతుంది. చిన్నపిల్లలు ఉంటే డిఫెన్‌బాకియా పెట్టకండి, దాని రసం నోటికి తగిలితే మంట, వాపు వస్తాయి.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక నాటండి. గుంత అడుగు లోతు, అడుగు వెడల్పు. మట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, గుప్పెడు వేపపిండి. తీసిన మట్టితో దిగువ వైపు అర్ధచంద్రాకారంలో కట్ట వేస్తే నీరు మొక్క దగ్గర ఆగుతుంది. డ్రిప్ పైపు కూడా రాళ్ల వరస వెంటే అడ్డంగా పోవాలి. పైనుంచి కిందికి వేస్తే అడుగు మొక్కలు మునుగుతాయి, పై మొక్కలు మాడుతాయి.

ప్రశ్న: రాలే వేపాకు రోజూ ఊడ్చేయాలా?

జవాబు: వద్దు. రెండు అంగుళాల మందాన అలాగే పరచండి, వాన దెబ్బకు మట్టి చెదరదు. మొక్క మొదలుకు మాత్రం తగలనివ్వకండి. జాగ్రత్త పడాల్సింది ఫిబ్రవరి, మార్చిలో. వేప ఆకు రాల్చి కొత్తది వేసే ఆ కొద్ది వారాలు నీడ ఉండదు, ఫెర్న్, పీస్ లిల్లీ ఆకులు కాలిపోతాయి. ఆ రోజుల్లో సగం ఎండ ఆపే షేడ్‌నెట్ కర్రల మీద కట్టి, చెట్టు చిగురు ముదిరాక విప్పేయండి.