టెక్ సందేహాలు: కీ తిరగకపోతే లాక్‌సెట్ మొత్తం మార్చాలా?

ప్రశ్న: మాది 2013 మోడల్ స్విఫ్ట్ డీజిల్. కొన్ని నెలలుగా ఇగ్నిషన్‌లో కీ ఒక్కోసారి తిరగడం లేదు. నాలుగైదు సార్లు తీసి పెడితే తిరుగుతుంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ‘ఇగ్నిషన్ లాక్ పోయింది, లాక్‌సెట్ మొత్తం మార్చాలి, కోడింగ్‌తో కలిపి 16 వేల దాకా అవుతుంది’ అన్నారు. అంత పెట్టక తప్పదా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఆ ఎస్టిమేట్‌కి ఇప్పుడే ఒప్పుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి లాక్ పోయిందని తేల్చడానికి వీల్లేదు. మనం ‘ఇగ్నిషన్ లాక్’ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అక్కడ నాలుగు పనులు చేసే నాలుగు వేర్వేరు భాగాలున్నాయి. కీ దూరే గుండ్రటి సిలిండర్ ఒకటి. దాని వెనక కరెంటు కలిపే ఇగ్నిషన్ స్విచ్ ఇంకొకటి. స్టీరింగ్‌ని కదలకుండా పట్టే ఇనుప గడియ మూడోది. నాలుగోది ఇమ్మొబిలైజర్, అంటే కీ తలలో ఉండే చిప్పు, సిలిండర్ మూతి చుట్టూ ఉండే యాంటెనా రింగు. చిప్పును గుర్తుపడితేనే ఇంజిన్‌ని స్టార్ట్ కానిస్తుంది. మారుతి వాళ్లు ఐక్యాట్స్ అనేది దీన్నే. వీటిలో ఏది పాడైందన్నదాన్ని బట్టి ఖర్చు వందల్లోనే తేలిపోవచ్చు, వేలల్లోకీ వెళ్లొచ్చు.

కీ దూరుతోంది, తిరగడం లేదు అంటే కరెంటు భాగాల తప్పు కాదు. చిప్పు తప్పూ కాదు. చిప్పు చెడిపోతే కీ మామూలుగానే తిరుగుతుంది, బండి మాత్రం స్టార్ట్ అవదు, డాష్‌బోర్డు మీద కీ గుర్తు మెరుస్తూ ఉంటుంది. కాబట్టి మీ విషయంలో అనుమానించాల్సింది స్టీరింగ్ గడియను, కీని, సిలిండర్‌ని. ఇదే వరసలో చూడండి, ఎందుకంటే మొదటి రెంటికీ పెద్దగా ఖర్చు లేదు.

చక్రాలు పక్కకి తిరిగి ఉండగానో, ఫుట్‌పాత్ అంచుకి ఒత్తుకుని ఉండగానో బండి ఆపితే ఆ ఒత్తిడంతా గడియ మీద పడుతుంది. అప్పుడు కీ ఎంత తిప్పినా కదలదు. స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ కొద్దికొద్దిగా కదుపుతూ, అదే సమయంలో కీని మెల్లగా తిప్పండి. దాంతో తేలిగ్గా తిరిగితే అసలు రిపేరే లేదు. ఇంట్లో ఆటోమేటిక్ బండి కూడా ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. చాలా మోడళ్లలో గేరు లీవరు పూర్తిగా ‘పీ’ (పార్కింగ్)లో పడకపోతే కీ బయటికి రాదు. అది లాక్ లోపం అనుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు.

తర్వాత చూడాల్సింది కీ. కొన్నప్పుడు ఇచ్చిన రెండో కీ బీరువాలో ఉండే ఉంటుంది. దాన్ని తీసి ఒక వారం వాడండి. దాంతో ఇబ్బంది లేకుండా తిరిగితే అరిగింది సిలిండర్ కాదు, మీరు రోజూ వాడే కీ. సిలిండర్ లోపల పలుచని ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. కీ గాట్లు వాటిని సరిగ్గా ఒకే మట్టానికి తెస్తేనే లాక్ తిరుగుతుంది. పదేళ్లు వాడిన కీ గాట్లు నునుపెక్కి కొన్ని రేకులు కొంచెం కిందో మీదో ఆగిపోతాయి. తీసి పెడితే ఒక్కోసారి తిరగడానికి కారణం ఇదే.

ఇక్కడ చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. అరిగిన కీని తీసుకెళ్లి డూప్లికేట్ చేయిస్తారు. మిషను దాని అరుగుదలను కూడా ఉన్నదున్నట్టు చెక్కేస్తుంది. చేయిస్తే అరగని రెండో కీని చూసి చేయించండి. అదీ లేకపోతే, కొన్నప్పుడు కీలతో పాటు నంబరు చెక్కిన చిన్న బిళ్ల ఇచ్చి ఉంటారు. ఆ నంబరుతో అసలు కొలతల ప్రకారం కొత్త కీ కోయొచ్చు. మీ పాత కీ తలలోని చిప్పును కొత్త కీలోకి మార్చుకుంటే కోడింగ్, అంటే కొత్త చిప్పును బండికి గుర్తుపట్టించే పని, కూడా అవసరం రాదు.

రెండు కీలతోనూ ఇబ్బంది ఉంటే సిలిండర్ శుభ్రం చేయించండి. దయచేసి అందులో కొబ్బరి నూనె, ఇంజిన్ ఆయిల్ పోయకండి. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ము దాంతో కలిసి జిగురై రేకులు ఇంకా బిగుసుకుంటాయి. గ్రాఫైట్ పొడి కొద్దిగా ఊది, కీని పదిసార్లు లోపలికీ బయటికీ ఆడిస్తే చాలు. కటింగ్ ప్లేయరుతో తిప్పే ప్రయత్నం మాత్రం వద్దే వద్దు. కీ విరిగి ముక్క లోపల ఉండిపోతే అప్పుడు ఖర్చు నిజంగానే పెరుగుతుంది.

ఇన్ని చేసినా మారకపోతే సిలిండర్ అరిగిందని ఒప్పుకోవాలి. అప్పుడు కూడా లాక్‌సెట్ ఒక్కటే దారి కాదు. సెట్ అంటే ఇగ్నిషన్ లాక్‌తో పాటు డోర్ల లాకులు కూడా. ఒకే కీ అన్నిటికీ పనిచేయాలని కంపెనీలు అలా కలిపి అమ్ముతాయి. మీ డోర్ లాకులకు ఏ జబ్బూ లేదు కదా. ఇగ్నిషన్ లాక్ ఒక్కటే విడిగా దొరుకుతుందేమో అడగండి. దొరికితే డోరుకి ఒక కీ, ఇగ్నిషన్‌కి ఒక కీ అవుతుంది, అంతే. పని తెలిసిన కార్ లాక్‌స్మిత్ అయితే లోపలి రేకులు మార్చి పాత కీకే సరిపోయేలా కూడా చేస్తాడు. నేనైతే ముందు అటే వెళతాను. యాంటెనా రింగు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) జోలికి వెళ్లకుండా సిలిండర్ ఒక్కటే మారిస్తే ‘కోడింగ్ చార్జీ’ ఎందుకని మీరు నిలదీయొచ్చు. పాత చిప్పునే ఆ బండి గుర్తుపడుతుంది.

లేబర్ చార్జీ మాత్రం కొంత ఎక్కువే ఉంటుంది, అందులో న్యాయముంది. దొంగలు ఊడదీయకుండా చాలా కార్లలో ఈ లాక్‌ను స్టీరింగ్ కాలమ్‌కి తల తెగిపోయే బోల్టులతో బిగిస్తారు. వాటిని డ్రిల్ చేసో, ఉలితో తిప్పో తీయాలి. పక్కనే ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి కాబట్టి బ్యాటరీ తీసి పని చేయాలి. ఇది రోడ్డు పక్కన చేయించే పని కాదు.

ఎస్టిమేట్‌ని నోటిమాటగా కాక కాగితం మీద రాయించుకోండి. ప్రతి పార్టుకీ నంబరు, ఎమ్మార్పీ విడిగా, లేబర్ విడిగా, కోడింగ్ విడిగా ఉండాలి. ఆ పార్ట్ నంబరుని మారుతి జెన్యూన్ పార్ట్స్ సైట్‌లోనో, బూడ్మో లాంటి విడిభాగాల సైట్‌లోనో కొడితే అసలు ధర తెలుస్తుంది. ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది, దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే ఒప్పుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. 28 శాతం నాటి పాత ధరలతో ఎస్టిమేట్ ఇచ్చారేమో కూడా చూడండి. మార్చిన పాత పార్టు వెనక్కి ఇవ్వమని జాబ్ కార్డులోనే రాయించండి. మాట తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ప్రశ్న: గతుకుల రోడ్డు మీద వెళ్తుంటే డాష్‌బోర్డు లైట్లన్నీ ఒక్క క్షణం ఆరిపోయి వెలుగుతున్నాయి. ఒకసారి ఇంజిన్ కూడా ఆగింది. కీ కదిపితే మళ్లీ వచ్చింది. బ్యాటరీ కొత్తదే. – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నన్ను కంగారు పెట్టింది మీదే. కీ కదిపితే కరెంటు వస్తోందంటే ముందుగా అనుమానించాల్సింది ఇగ్నిషన్ స్విచ్. సిలిండర్ వెనక చిన్న స్క్రూలతో బిగించి, ఒక ప్లగ్గుతో ఉండే భాగం అది. లోపలి కాంటాక్టులు కాలిపోయో, అరిగిపోయో ఇలా చేస్తాయి. చాలా కార్లలో లాక్ ముట్టుకోకుండా దీన్నొక్కదాన్నే మార్చొచ్చు, లాక్‌సెట్‌తో పోలిస్తే చాలా చౌక. బ్యాటరీ టెర్మినల్స్ వదులుగా ఉన్నా ఇలాగే అవుతుంది. ముందు అవి బిగించి చూడమనండి, కానీ ఇవాళో రేపో చూపించండి.

ఎందుకింత తొందరంటే, అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఉదంతం నాకింకా గుర్తుంది. అమెరికాలో షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ లాంటి కార్లలో ఇగ్నిషన్ స్విచ్ మరీ వదులుగా ఉండేది. కీ గుత్తి బరువుకో, గతుకుకో కీ ‘ఆన్’ నుంచి ‘యాక్సెసరీ’కి జారిపోయేది. ఇంజిన్ ఆగేది, స్టీరింగ్ బరువెక్కేది. అన్నిటికంటే ఘోరం, ఆ స్థితిలో గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. కంపెనీ లోపల ఇంజనీర్లకు ఏళ్ల ముందే తెలిసినా, 2014 ఫిబ్రవరి వరకు కార్లను వెనక్కి పిలవలేదు. తర్వాత ఏర్పాటైన పరిహార నిధి 124 మరణాలకు ఆ స్విచ్చే కారణమని అంగీకరించింది. రిపేరు జరిగేదాకా కీ రింగుకి ఇంకేమీ తగిలించవద్దని కంపెనీ అప్పట్లో యజమానులకు చెప్పింది.

మీరూ అదే చేయండి. ఇంటి తాళాలు, బీరువా తాళం, దేవుడి బొమ్మ అన్నీ తీసేసి కారు కీ ఒక్కటే ఉంచండి. మళ్లీ నడుస్తుండగా ఆగిపోతే కీ మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్ లాకైపోతుంది. బ్రేకును పదే పదే కొట్టకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. ఇంజిన్ ఆగాక బ్రేకును తేలిక చేసే బూస్టర్‌లో మిగిలే సాయం ఒకటి రెండు తొక్కులకే సరిపోతుంది. న్యూట్రల్‌లో వేసి, ఎడమ పక్కకి తీసి, హజార్డ్ లైట్లు వేయండి.

ప్రశ్న: డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. 2017 హ్యుందయ్ ఎలాంట్రా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొన్న రాత్రి అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద కవరు పీకి, ఇగ్నిషన్ విరగ్గొట్టి వదిలేశారు. బాగు చేయించి ఉంచుకోవాలా, అమ్మేయాలా? – ఒక విద్యార్థి

జవాబు: ముందు పోలీసు రిపోర్టు తీసుకుని మీ ఇన్సూరెన్స్ పాలసీ తీయండి. ‘కాంప్రెహెన్సివ్’ ఉంటే దొంగతనం ప్రయత్నంలో జరిగిన నష్టానికి, డిడక్టిబుల్ (మీరు భరించాల్సిన వాటా) పోను, వాళ్లే ఇస్తారు. మన విద్యార్థులు చాలామంది ప్రీమియం తగ్గుతుందని ‘లయబిలిటీ’ (మన వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చేది) మాత్రమే తీసుకుంటారు. అందులో దీనికి పైసా రాదు. ప్రీమియం తగ్గించుకుంటే ఏం నష్టపోతామో తెలిసేది ఇలాంటప్పుడే కాబట్టి, కొత్తగా వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ సంగతి ముందే చెప్పండి.

మీ కారునే ఎందుకు ఎంచుకున్నారో కూడా చెబుతాను. 2011–2021 మధ్య అమెరికాలో అమ్మిన చాలా హ్యుందయ్, కియా కార్లలో, కీ తిప్పి స్టార్ట్ చేసే రకాల్లో ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. అదే కాలంలో కెనడాలో అది చట్టప్రకారం తప్పనిసరి. చిప్పు తనిఖీ లేదు కాబట్టి సిలిండర్ పీకేస్తే ఒక యూఎస్‌బీ కేబుల్ కొసతో తిప్పినా బండి కదులుతుంది. ఇది 2021, 2022లలో సోషల్ మీడియాలో వీడియోలుగా పాకింది. 2023 ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ కలిపి 83 లక్షల కార్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించాయి. బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లకు ఈ బెడద లేదు, వాటిలో ఇమ్మొబిలైజర్ ఉంది.

రిపేరు చేయించేటప్పుడే డీలర్ దగ్గర విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) ఇచ్చి ఆ అప్‌డేట్ అయిందో లేదో చూడమనండి. పాత యజమాని చేయించి ఉంటే అద్దం మీద స్టికర్ ఉండొచ్చు. అప్‌డేట్ అయ్యాక కూడా ఫాబ్ (రిమోట్ కీ) బటన్ నొక్కి డోర్లు లాక్ చేస్తేనే ఆ రక్షణ పనిచేస్తుంది, లోపలి నాబ్ నొక్కి దిగిపోతే పనిచేయదు. పైగా సాఫ్ట్‌వేర్ ఉన్న సంగతి దొంగకి అద్దం పగలగొట్టాక గానీ తెలియదు. అందుకని బయటికి కనపడేలా స్టీరింగ్‌కి ఇనుప లాక్ కూడా వేయండి. కొన్ని ఊళ్లలో పోలీసులే ఉచితంగా ఇచ్చారు, అడిగి చూడండి. ఇంజిన్, గేరుబాక్సు బాగుంటే అమ్మాల్సిన పనిలేదు. విరిగిన సిలిండర్‌తో అమ్మితే రిపేరు ఖర్చు కంటే ఎక్కువే తగ్గించి అడుగుతారు.

ప్రశ్న: మాది పుష్ బటన్ స్టార్ట్. ‘కీ దొరకడం లేదు’ అని డాష్‌బోర్డు మీద వస్తోంది. లాక్ మార్చాలా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అక్కర్లేదు. మీ కారులో కీ తిప్పే సిలిండరే లేదు. ఫాబ్‌లోని బ్యాటరీ అయిపోవచ్చి ఉంటుంది. చాలావాటిలో సీఆర్2032 అనే నాణెం సైజు బ్యాటరీ ఉంటుంది, వాచీల షాపులో దొరుకుతుంది. అది మార్చేలోపు స్టార్ట్ చేయాలంటే, చాలా మోడళ్లలో ఫాబ్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేకు గానీ క్లచ్ గానీ తొక్కి నొక్కితే అందుకుంటుంది. మీ కారులో ఫాబ్ ఎక్కడ పెట్టాలో ఓనర్స్ మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. డోరు తెరుచుకోకపోతే ఫాబ్ పక్కనున్న చిన్న మీట జరిపితే లోపలి ఇనుప కీ బయటికి వస్తుంది.

ప్రశ్న: రెండు కీలలో ఒకటి బస్టాండులో పోయింది. ఒక్క కీతో నడిపేస్తే ఏమవుతుంది? ఇన్సూరెన్స్‌లో వస్తుందా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మామూలు పాలసీలో పోయిన కీకి గానీ, వాడకంతో అరిగిన లాక్‌కి గానీ డబ్బు రాదు. కీ రీప్లేస్‌మెంట్ యాడ్ఆన్ తీసుకుని ఉంటేనే వస్తుంది. అయితే అది లేకపోయినా ఇవాళే పోలీసు ఫిర్యాదు ఇచ్చి కాపీ దాచుకోండి. రేపు కారు పోతే క్లెయిమ్‌కి ఇన్సూరెన్స్ వాళ్లు రెండు కీలూ అడుగుతారు, రెండోది ఏమైందో చెప్పడానికి ఆ కాగితమే మీకు ఆధారం. కొత్త కీ చేయించేటప్పుడు, ఉన్న కీని కూడా తీసుకెళ్లి పోయిన కీ చిప్పును బండి మెమరీలోంచి తొలగించమనండి. అప్పుడు అది ఎవరికి దొరికినా డోరు తెరవగలరేమో గానీ ఇంజిన్ స్టార్ట్ చేయలేరు. ఉన్న కీ కూడా పోయేదాకా ఆగితే, తెలియని చిప్పును మొదటి నుంచి బండికి నేర్పించాల్సి వస్తుంది. ఆ పనికి చార్జీ ఎక్కువ, కొన్ని మోడళ్లలో రోజులు కూడా పడతాయి.