ఎస్‌డీఎఫ్ ఏ స్లాట్‌లో ఉందో ఇలా చూడండి

కడప ఆఫీసులో 12 స్లాట్ల ఎన్‌క్లోజర్‌లో (డిస్కులు పెట్టే పెట్టె) ఎస్‌డీఎఫ్ (లినక్స్ ఒక డిస్కుకు ఇచ్చే పేరు, sdf) పోయింది, ఏ డిస్కు లాగాలో తెలియట్లేదు అన్నారు కదండీ. ఎస్‌డీఎఫ్ అంటే ఆరో స్లాటే అనుకోకండి, రీబూట్ అయితే ఆ పేర్లు మారిపోవచ్చు. ముందు స్మార్ట్‌సీటీఎల్ (డిస్కు వివరాలు చూపే కమాండ్, smartctl)తో దాని సీరియల్ నంబర్ రాసుకోండి. తర్వాత లెడ్‌సీటీఎల్ (ట్రే లైట్లను నడిపే కమాండ్, ledctl)లో లొకేట్ ఇస్తే, ఎన్‌క్లోజర్ సపోర్ట్ చేస్తే, ఆ ట్రే లైటు వెలుగుతుంది.

డిస్కు సిస్టమ్‌కే కనబడకపోతే మిగతావాటిని డీడీ (డేటా కాపీ చేసే కమాండ్, dd)తో చదివించండి (ఔట్‌పుట్ మాత్రం డెవ్ నల్‌కే, అంటే రాసింది ఎక్కడా మిగలని /dev/null కే!). యాక్టివిటీ లైటు మినుకుమననిదే మీ డిస్కు.

చాలా ఎన్‌క్లోజర్లలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అనంతపురంలో మేం అది మరిచి పక్క స్లాట్‌లోని మంచి డిస్కు లాగేశాం, దాంతో రెయిడ్ 5 (ఒక్క డిస్కు పోతే మాత్రమే తట్టుకునే డిస్కుల కూర్పు) మొత్తం పడిపోయింది. రాత్రంతా టెన్షనే. లాగాక స్టిక్కర్ మీది సీరియల్ సరిచూసుకునే కొత్తది పెట్టండి.