పరీక్షకు మట్టి ఎలా తీయాలి?

ప్రశ్న: పచ్చిక పసుపుబారుతోంది, కూరగాయ మడుల్లో మొక్కలు ఎదగడం లేదు. రెండింటికీ కలిపి ఒకే మట్టి నమూనా పంపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. రెండూ విడివిడిగా తీయాలి. పచ్చికలో పైన పేరుకున్న ఎండుగడ్డి తొలగించి 10 సెంటీమీటర్ల లోతు వరకు, కూరగాయ మడుల్లో 15 నుంచి 20 సెంటీమీటర్ల వరకు తీయండి. ఒక్కోదానిలో 10-15 చోట్ల ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, గోడ వెంబడి పైనుంచి కిందిదాకా రెండు సెంటీమీటర్ల మందాన చెక్కాలి. పైమట్టి మాత్రమే గీకితే పోషకాలు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి.

ఎరువు కుప్ప వేసిన చోటు, చెట్టు మొదలు, గట్టు పక్కన వద్దు. ఈమధ్యే ఎరువు వేసి ఉంటే నెలన్నా ఆగండి. జింకు పూత రేకు బకెట్ అసలు వాడకండి, అందులోని జింకు మట్టికి అంటి ఫలితం తప్పుతుంది. ప్లాస్టిక్‌దే మేలు.

గడ్డలు చిదిపి, రాళ్లు, వేర్లు ఏరి, బాగా కలిపి గుండ్రంగా పరవండి. నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేయండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టండి. ఎండలోగానీ పొయ్యి మీదగానీ వద్దు.

ఫలితంలో ముందు పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) చూడండి. 6 నుంచి 7 మధ్య ఉంటే మంచిది. 8 దాటితే మట్టిలో ఇనుము ఉన్నా వేర్లకు అందదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపుబారుతుంది. అప్పుడు యూరియా ఎంత వేసినా పచ్చబడదు.