గుర్రం కడుపులో పుండ్లు: మందు వేసినా తగ్గదెందుకు?

ప్రశ్న: మా గుర్రం బరువు 450 కిలోలు. గడ్డి తింటుంది గానీ దాణా సగంలో వదిలేస్తోంది. జీను పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కరవబోతోంది. పుండ్లేమోనని పది రోజులుగా కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ పొడి దాణాలో కలిపి పెడుతున్నాం. తేడా లేదు.

జవాబు: పుండ్లే కావచ్చు. కానీ పంటి నొప్పి, నడుము నొప్పి, సరిపడని జీను ఉన్నా గుర్రం ఇలాగే చేస్తుంది. తేల్చి చెప్పేది కెమెరా గొట్టంతో కడుపు లోపల చూసే ఎండోస్కోపీ ఒక్కటే. పెద్ద గుర్రానికి 3 మీటర్ల గొట్టం కావాలి, పరీక్షకు ముందు 12 నుంచి 16 గంటలు మేత ఆపాలి.

ఇక పొడి సంగతి. ఒమెప్రజోల్ ఆమ్లానికి తట్టుకోదు. ఒంటబట్టేది చిన్నపేగులో, వట్టి పొడేమో కడుపు దాటకముందే పాడైపోతుంది. గుర్రాల కోసం చేసిన పేస్టు గానీ, పైపూత ఉన్న గుళికలు గానీ వాడాలి. గుళికల్ని నూరారంటే పూత పోయి, మళ్లీ వట్టి పొడే మిగులుతుంది. మామూలు మోతాదు కిలోకు 4 మి.గ్రా., అంటే మీ గుర్రానికి రోజుకు 1,800 మి.గ్రా., 28 రోజులు. రాత్రి గడ్డి అయిపోయిన తెల్లవారుజామున, మేతకు అరగంట నుంచి గంట ముందు ఇవ్వండి. నోట్లో గడ్డి ముద్ద లేకుండా చూసి, నాలుక వెనక భాగాన పేస్టు పెట్టి, మింగేదాకా తల కాస్త ఎత్తి పట్టుకోండి. ముద్ద ఉంటే మందు దాంతోపాటే కింద పడుతుంది.

ప్రశ్న: 28 రోజుల కోర్సుతో మా గుర్రం (450 కిలోలు) బాగా కోలుకుంది. మందు ఆపిన రెండు వారాలకే మళ్లీ మొదటికొచ్చింది. రెండు పూటలా మూడేసి కిలోల దాణా, కాస్త ఎండుగడ్డి వేస్తాం.

జవాబు: మీ మేత పద్ధతే మార్చాలి. మేత ఉన్నా లేకున్నా గుర్రం కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. కడుపు పైభాగపు పొరకు జిగురు రక్షణ లేదు. ఖాళీ కడుపుతో దౌడు తీయిస్తే పొట్ట బిగిసి ఆమ్లం అక్కడికి ఎగదన్నుతుంది.

పిండిపదార్థం పూటకు కిలో బరువుకు 1 గ్రాము, రోజు మొత్తానికి 2 గ్రాములు మించకూడదు. మీ దాణాలో సగం పిండిపదార్థమే అనుకుంటే పూటకు 900 గ్రాములే హద్దు, రోజుకు 1.8 కిలోలు. మీరు పెడుతున్నది అంతకు మూడు రెట్ల పైనే! వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించండి, తగ్గిన శక్తికి వంటనూనె కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఎండుగడ్డి రోజుకు 8 కిలోలకు తగ్గకూడదు, మేతకూ మేతకూ మధ్య ఆరు గంటలు మించకూడదు. రాత్రిపూట చిన్న కన్నాల వలలో పెడితే నెమ్మదిగా లాక్కుని తింటుంది. స్వారీకి అరగంట ముందు రెండు లీటర్ల డబ్బాడు తరిగిన లూసర్న్ గడ్డి పెట్టండి. అందులోని కాల్షియం, మాంసకృత్తులు ఆమ్లాన్ని విరుస్తాయి. వరిగడ్డి లాంటి ముతక చొప్ప ఒక్కటే మేతగా వద్దు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

మందు ఒక్కసారిగా ఆపితే ఆమ్లం ఇంకా ఎక్కువగా ఊరే వీలుంది. ఈసారి డాక్టరు చెప్పిన ప్రకారం మెట్లుమెట్లుగా తగ్గించండి.

ప్రశ్న: పుండ్లు కడుపు కింది భాగంలో, పేగు మొదలయ్యే చోట ఉన్నాయన్నారు. నెల రోజుల ఒమెప్రజోల్‌తో మానలేదు.

జవాబు: ఆ చోట అది మామూలే, పైభాగపు పుండ్లంత తేలిగ్గా మానవు. సాధారణంగా పుండు మీద పొరలా అంటుకునే సుక్రాల్ఫేట్ తోడు చేస్తారు: కిలోకు 12 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, బిళ్లల్ని నీళ్లలో కరిగించి సిరంజితో. ఇది ఇతర మందులు ఒంటబట్టకుండా అడ్డుపడగలదు కాబట్టి ఒమెప్రజోల్ ఇచ్చిన గంట తర్వాతే ఇవ్వండి. వారానికి రెండు రోజులైనా పని లేకుండా విశ్రాంతినివ్వండి. ఫినైల్‌బ్యుటజోన్ లాంటి నొప్పి మందులు నడుస్తుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కొందరు డాక్టర్లు కడుపు పొరను కాపాడే మిసోప్రోస్టాల్ రాస్తారు. గర్భిణులు ఆ బిళ్లల్ని చేత్తో కూడా ముట్టుకోకూడదు, గర్భం పోయే ప్రమాదముంది.