మా తర్వాత వాడి గతేంటి?

ప్రశ్న: మా బాబుకి 16 ఏళ్లు. డౌన్ సిండ్రోమ్. ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించాలా, లక్షా ఇరవై వేలు కట్టి ‘ఉద్యోగం గ్యారంటీ’ అంటున్న యానిమేషన్ కోర్సులో చేర్చాలా? వాడికి ఇంకా అన్నం నేనే కలిపి పెడుతున్నా. వాళ్లక్కకి సంబంధాలు చూస్తున్నాం. మా తర్వాత వాడి గతేంటి?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు కోర్సు గురించి అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ చివరి మాట. నెలకొకరైనా నన్ను ఇదే అడుగుతారు.

ముందు యానిమేషన్ సంగతి. పోయినేడు చేరిన ఇలాంటి పిల్లల్లో ఇప్పుడు ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో, జీతమెంతో ఆ కోర్సు నడిపేవాళ్లని అడగండి. ఒకచోట నేనే అడిగాను. గోడ నిండా సర్టిఫికెట్ల ఫొటోలు చూపించారు, జీతం చీటీ ఒక్కటీ చూపించలేదు. బొమ్మలంటే వాడికి ప్రాణమైతే ఇంట్లో గీసుకోనివ్వండి. చుట్టాలకి చెప్పుకోడానికి బాగుంటుందని మాత్రం డబ్బు పొయ్యకండి.

ఇక అన్నం. కోప్పడుతున్నాననుకోకండి, అనుకున్నా సరే. 16 ఏళ్ల కుర్రాడికి ముద్దలు కలిపి పెడుతూ వాడి భవిష్యత్తు గురించి బెంగపడితే ఎలా? రేపు కంచం వాడి ముందు పెట్టి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. కింద పడితే తుడుచుకోవచ్చు. డౌన్ సిండ్రోమ్ అంటే పుట్టుకతోనే 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటం. దాంతో ఈ పిల్లలకి కండరాల బిగువు తక్కువ, నేర్చుకోవడం నిదానం. నిదానమంటే రాదని కాదు. పది దాకా లెక్కపెట్టలేని అమ్మాయి కొవ్వొత్తులు ప్యాక్ చేయడం నేను చూశాను. ఆమె ఎదురుగా ఓ చెక్కపలక, దానికి పది గుంటలు. గుంటలన్నీ నిండగానే డబ్బాలోకి ఒంపేస్తుంది. ఎప్పుడూ తప్పు రాలేదట. ఆ పలక చేసిచ్చిన మాస్టారికి దండం పెట్టాలి.

ఓపెన్ స్కూలే కట్టించండి. ఐదేళ్ల గడువుంటుంది, ఒక్కో సబ్జెక్టే రాసుకోవచ్చు. పెయింటింగ్, హోమ్ సైన్స్ లాంటివి ఉన్నాయి. దాంతోపాటే ఏదో ఒక చేతిపని. ఏ పని నప్పుతుందో సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో చూపించండి, 1984 నుంచీ వాళ్ల పనే ఇది. థైరాయిడ్, వినికిడి పరీక్షలు కూడా చేయించండి. ఆ లోపాల్ని బద్ధకమనుకుని తిట్టే ఇళ్లు చాలా చూశాను.

18 నిండితే వాడు మేజర్. అప్పుడు వాడి తరఫున మీ సంతకం చెల్లాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి గార్డియన్‌షిప్ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ చట్టంతో ఏర్పడిన నేషనల్ ట్రస్టే ‘నిరామయ’ ఆరోగ్య బీమా లక్ష దాకా ఇస్తుంది. వీటికి వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దగ్గరుంచుకోండి. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకి 4 శాతం కోటా ఉంది గానీ, అందులో ఒక్క శాతాన్నే వీళ్లూ ఆటిజం వగైరా ఉన్నవాళ్లూ పంచుకోవాలి. దాని మీదే ఆశ పెట్టుకోకండి.

మీ తర్వాత గార్డియన్‌గా వాళ్లక్క పేరు అనుకుంటుంటే, ముందు ఆ పిల్లని అడగండి. చూడ్డానికొచ్చేవాళ్ల దగ్గర తమ్ముణ్ణి లోపలి గదిలో కూర్చోబెట్టకండి.