కార్డు ఉన్నా చేతి ఖర్చు ఎందుకు?

ప్రశ్న: ఉచిత వైద్యం కార్డుపై మా నాన్నగారికి స్టెంట్ వేశారు. అయినా ముందు చేసిన పరీక్షలకూ, ఇప్పుడు వాడే మందులకూ అప్పు చేయవలసి వచ్చింది. ఇది ఉచితమెలా అవుతుందండీ?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఈ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే, జాబితాలో ఉన్న చికిత్సలకే ప్యాకేజీ లెక్కన (ఒక్కో చికిత్సకు ముందే నిర్ణయించిన మొత్తం) చెల్లిస్తుంది కనుక, నెలనెలా కొనే బీపీ, షుగరు మాత్రలు సాధారణంగా దాని పరిధిలోకి రావు. చేరిన తరువాత మాత్రం ప్యాకేజీలోని పరీక్షలకూ మందులకూ డబ్బు అడగకూడదు. అడిగి ఉంటే రసీదులతో ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఈ పథకం రోగులకు సాయపడే ఉద్యోగిని) కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి. కొన్ని చికిత్సల తరువాత మందులకు వేరే ప్యాకేజీ కూడా ఉంది, అది మీ నాన్నగారికి వర్తిస్తుందేమో అక్కడే అడగండి. పథకం భరించే ఖర్చు పరిమితి 5 లక్షల రూపాయలా, 25 లక్షలా అన్న వాదన ఎంత జోరుగా సాగినా, కోనసీమ కుటుంబాలను కుంగదీసేది, నా దృష్టిలో, మందుల కొట్టు చిట్టాయే.